పేరు మారిన ఊరికి మేడ్చల్ రబ్బరు

ముప్పై రెండేళ్లు నేను రబ్బరును వంచాను, సాగదీశాను, నొక్కాను, కోశాను, ఓవెన్లో పెట్టి ఉడికించాను. అదే నా ఉద్యోగం. గుండ్లపోచంపల్లిలో హైవేకి కాస్త లోపలగా, రేకుల షెడ్డులో నడిచే చిన్న ఫ్యాక్టరీ మాది. కిటికీ అద్దానికీ దాని ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని ఉండే నల్లటి రబ్బరు పట్టీ చూశారు కదా, మేం దాన్ని గ్యాస్కెట్ అంటాం. వాన లోపలికి రాకుండా, దుమ్ము రాకుండా, గాలి రాకుండా కాపు కాసేది అదే. అద్దాన్ని అందరూ మెచ్చుకుంటారు, పట్టీని ఎవరూ చూడరు. చూసేదాన్ని నేనొక్కదాన్నే. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని.

మొన్ననే రిటైరయ్యాను. నా స్టూలు మీద ఇప్పుడు కూర్చుంటున్న ఇద్దరమ్మాయిలు "మేడం, మీరు మంచు దేశం పోయొచ్చిన ముచ్చట రాయుండ్రి" అని వెంటపడ్డారు. నిజం చెప్పాలంటే వాళ్లు అడగకపోయినా రాసేదాన్నే. ఆ ఊరి మాట వస్తే ఇప్పటికీ నేను కూర్చుని చెప్పలేను, లేచి నిలబడి చేతులు ఊపుతూ చెబుతాను. పిల్లలూ, మీరు కూర్చునే చదవండి, ఫరవాలేదు. కానీ ఇందులో నా తప్పులు రెండున్నాయి. వాటి దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా చదవండి.

ఆ ఊరు మధ్య ఆసియాలో ఒక దేశానికి రాజధాని. గడ్డి మైదానం మధ్యలో కట్టుకున్న ఊరు. దాని పేరు ఆస్తానా. మాకు ఆర్డర్ వచ్చినప్పుడు అదే పేరు. నేను వెళ్లేసరికి పేరు మారింది. ఇప్పుడు మళ్లీ ఆస్తానానే. ఈ పేర్ల గొడవ నన్నెంత తిప్పలు పెట్టిందో ముందు ముందు చెబుతాను.

ఆర్డర్ కాగితం పట్టుకుని మా ఓనర్ గారు ల్యాబ్‌లోకి పరుగున వచ్చిన రోజు బాగా గుర్తు. పెద్ద గాజు భవనం, ఇరవై రెండు అంతస్తులు, మొత్తం కిటికీలకు పట్టీలు మావే.

"అమ్మా, ఆడ సలి మైనస్ నలభై దాంక పోతదంట. ఎండకాలం మన లెక్కనే ప్లస్ నలభై అంట. గదేం ఊరు?"

నేను వెంటనే లెక్క వేశాను. చలికి, ఎండకు మధ్య ఎనభై డిగ్రీల తేడా. మూడు మీటర్ల అల్యూమినియం ఫ్రేము ఆ తేడాకు అయిదు మిల్లీమీటర్ల పైనే కుదించుకుంటుంది, మళ్లీ సాగుతుంది. ఫ్రేము వెనక్కి జరిగినప్పుడల్లా పట్టీ పొంగి ఆ సందును పూడ్చాలి. ఏడాదంతా ఊపిరి తీసుకుంటున్నట్టు పనిచేయాలన్న మాట. అప్పటిదాకా మా పట్టీలన్నీ గల్ఫ్ దేశాలకు వెళ్లాయి. వేడికి కరగకపోతే చాలు. మొదటిసారి ఎవరో మా రబ్బరును చలికి నిలబడమని అడిగారు!

చెక్కపెట్టెల మీద ఊరి పేర్లు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవాడు. దేవరయాంజాల్ నుంచి పాత సైకిల్ మీద వచ్చేవాడు. స్టెన్సిల్ కోయడానికి కాగితం మీద ఇంగ్లీషులో పేరు రాసిస్తే కళ్లద్దాలు సవరించుకుని చదివాడు.

"ఆస్థానమా? ఏ రాజుగారి ఆస్థానం మేడం గిది?"

"ఆస్థానం కాదు, ఆస్తానా. ఆల్ల భాషల రాజధాని అని అర్థమంట."

"అంటే రాజధానికి రాజధాని అనే పేరు పెట్టుకున్నరా? గిదైతే మస్తున్నది. తక్లీఫ్ లేదు."

అక్కడే నిలబడ్డ లారీ డ్రైవర్, పాతబస్తీ మనిషి, "ఆస్తానా అంటే దర్గా గడప గదమ్మా" అన్నాడు. ఒక్క పేరుకు మా షెడ్డులోనే మూడు అర్థాలు వచ్చాయి. ఆ పేరు మీద నాకప్పుడే ఇష్టం కలిగింది.

పని మొదలైంది. రబ్బరు కలిపే మిల్లు దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. పగలంతా రెండు ఇనుప రోలర్ల ముందు నిలబడి, మసి, నూనె, రబ్బరు కలిపి పిండి పిసికినట్టు పిసికేవాడు. ఆయన కలిపితే నేను పరీక్షించేదాన్ని. ఓనర్ గారు కొత్తగా ఒక చలి డబ్బా కొన్నారు. డీప్ ఫ్రీజర్ లాంటిదే, కాకపోతే మైనస్ నలభై దాకా పోతుంది.

పరీక్ష చెప్పడానికి తేలిక. పట్టీ ముక్కను రెండు పలకల మధ్య నొక్కి బిగించి, మూడు రోజులు ఆ చలిలో ఉంచాలి. తర్వాత విప్పాలి. అది ఎంత పొంగి లేచిందో కొలవాలి. నేను మూడు రోజులు ఉంచాను. బయటికి తీశాను. బల్ల మీద పెట్టి విప్పాను. అరగంట ఆగి కొలిచాను. చక్కగా పొంగింది. అవతలి కంపెనీ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కూడా నా పక్కన నిలబడి, మా చాయ్ తాగి, ఆ కాగితం మీద సంతకం చేసి వెళ్లాడు.

పట్టీ చుట్టలు పెట్టెల్లోకి ఎక్కాయి. పెట్టెల మీద ఆస్తానా అని నల్లటి అక్షరాలు. మొదటి కంటైనర్ నిండింది. కాగితాల కోసం గేటు దగ్గర ఎదురు చూస్తుండగా ఒక పొద్దున ఓనర్ గారు తల పట్టుకుని వచ్చారు.

"ఊరి పేరు మారిందంట అమ్మా. నూర్‌సుల్తాన్ అంట ఇగ. ఇన్నేండ్లు దేశాన్ని ఏలిన పెద్దమనిషి పేరంట. కాగితాలన్నీ కొత్త పేరుతోని కావాలంటుండ్రు."

పెయింటర్‌కు ఈ మాట చెబితే బ్రష్ కింద పెట్టేశాడు. "గీ ఊరోల్లకేం పని లేదా మేడం? మొన్ననే రాస్తి గద."

నేను నవ్వాను కానీ, మాకు మాత్రం ఇది కొత్తా? మా ఫ్యాక్టరీ గేటు మీది చిరునామా ఆయనే రెండుసార్లు మార్చి రాశాడు. రంగారెడ్డి జిల్లా అని ఉన్నది మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా అయింది. గ్రామం అని ఉన్నది మున్సిపాలిటీ అయింది. షెడ్డు మాత్రం అంగుళం కదలలేదు.

కంటైనర్ అప్పటికే నిండిపోయింది. లోపలి పెట్టెలు బయటికి తీయాలంటే రోజంతా పడుతుంది. నేను పెయింటర్‌తో అన్నాను: "తలుపు దగ్గరున్న ఆరు పెట్టెలు కనబడతయి గద, గవ్విటి మీద కొత్త పేరు రాయి. చాలు."

ఆయన పాత అక్షరాల మీద తెల్ల రంగు పూసి, నూర్‌సుల్తాన్ అని రాశాడు. కంటైనర్ కదిలింది. ఈ ఆరు పెట్టెలను మీరు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఏప్రిల్ వచ్చింది. మేడ్చల్ ఎండకు రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. చలి డబ్బాలో ఒక బోల్టు జారిపడితే మందపాటి గ్లౌజు వేసుకుని చెయ్యి లోపల పెట్టాను. బోల్టు వెతుకుతుంటే వేళ్లకు పట్టీ ముక్క తగిలింది. అలవాటుగా నొక్కాను. నొక్కుపడలేదు. వంచాను. వంగలేదు. కట్టెపుల్లలా ఉంది.

బయటికి తీశాను. గ్లౌజులో నుంచే తెలుస్తోంది, అది మెత్తబడుతోంది. నిమిషం గడవకుండానే హాయిగా పొంగి, నా అరచేతిలో అమాయకంగా పడుకుంది.

పరీక్ష కాగితం తీసి మళ్లీ చదివాను. "విప్పిన తర్వాత కొలవాలి" అన్న చోట ఇంకో మాట కూడా ఉంది. "చలిలోనే" అని. విప్పడం, కొలవడం అంతా డబ్బా లోపలే జరగాలి. నేను బల్ల మీద కొలిచాను. నా రబ్బరును పాస్ చేసింది మేడ్చల్ ఎండ!

మొదటి తప్పు ఇదీ. గల్ఫ్ పరీక్షలు చేసి చేసి చేతికి అలవాటైన పద్ధతిలో కాగితం చదివాను. ఉన్నది చదవలేదు, తెలిసింది చదివాను.

ఆ కాగితం చేతిలో పట్టుకుని లేచాను. తర్వాత ఓనర్ గారి గదికి వెళ్లాను.

"సార్, ఒక్కసారి ల్యాబ్‌కు రాండ్రి."

"ఏమైందమ్మా?"

"చెప్తె అర్థం గాదు సార్. చెయ్యి పెట్టాలె."

ఆయన గ్లౌజు వేసుకుని చెయ్యి పెట్టారు. ముక్కను నొక్కారు. మొహం రంగు మారింది.

"ఆల్ల ఇన్‌స్పెక్టరే సంతకం పెట్టిండు గద?"

"ఆయన గూడ నా లెక్కనే బయట జూసిండు సార్."

"కంటైనర్ పోయింది. ఇగ ఎవలికి తెలుస్తది?"

"జనవరిల గాలికి తెలుస్తది సార్."

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆయన కోపంగా చూశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చివరికి నా స్టూలు మీద కూలబడి, "మెయిల్ నువ్వే రాయి. నాతోని గాదు" అన్నారు.

రాశాను. తప్పు నాదని రాశాను. కొత్త రబ్బరు పంపుతామని రాశాను. పాత సరుకు వాడొద్దని రాశాను. ఏది పాతదో ఎలా తెలుస్తుంది? ప్రతి చుట్ట చివర చిన్న బిళ్ల మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. చాంతాడంత నంబరు. అంత దూరంలో, చేతులు కొంకర్లు పోయే చలిలో దాన్నెవరు చదువుతారు? అందుకని నా తెలివంతా వాడి ఇలా రాశాను: "ఆస్తానా అని రాసి ఉన్న పెట్టెలు పాతవి, పక్కన పెట్టండి. నూర్‌సుల్తాన్ అని రాసి ఉన్నవి కొత్తవి, వాడండి."

రెండో తప్పు ఇది. దీని సంగతి అప్పటికి నాకు తెలియలేదు.

తర్వాతి రెండు నెలలు నా ఉద్యోగంలోనే గొప్ప రోజులు. మిల్లు అన్న, నేను పోటీ పడి పనిచేశాం. ఆయన కొత్త రకం కలిపి తెచ్చేవాడు, నేను చలిలోకి పంపేదాన్ని, మూడో రోజు చలిలోనే విప్పి కొలిచేదాన్ని. పదిసార్లు తప్పింది. పదకొండోసారి ముక్క డబ్బా లోపలే, మైనస్ నలభైలో, నా గ్లౌజు కింద మెల్లగా పైకి లేచింది. నేను కేక పెట్టాను. మిల్లు ఆపి పరుగెత్తుకొచ్చిన అన్న చెయ్యి పెట్టి చూసి, "నేన్జెప్పలే చెల్లె? గిదేమన్న ఇనుమా? మంచిగ అడిగితె ఇంటది" అన్నాడు. ఆ రోజు షెడ్డులో అందరికీ మిర్చి బజ్జీలు.

కొత్త సరుకు వెళ్లింది. చలికాలం వచ్చింది. డిసెంబరులో ఒక మెయిల్: భవనం ఆఖరి అంతస్తులో ఉత్తరం వైపు గదుల్లో చలిగాలి వస్తోంది, తప్పు పట్టుకున్న మనిషినే ఒకసారి పంపగలరా అని. ఆ మనిషి నేనే!

పాస్‌పోర్టు అయితే ఉంది కానీ అంతకు ముందు విమానం ఎక్కలేదు. మచ్చ బొల్లారంలో మా ఇంట్లో మా ఆయన బిత్తరపోయాడు. "గా మైనస్ల నువ్వేం జేస్తవే? ఈడ్నే రెండు దుప్పట్లు కప్పుకుంటవ్" అన్నాడు. అంటూనే పక్కింటి మాజీ సైనికుణ్ని పిలుచుకొచ్చాడు. ఆయన హిమాలయాల్లో ఏళ్లకేళ్లు కాపలా కాసిన మనిషి. తన కోటు తెచ్చి నాకు తొడిగి చూశాడు.

"చెల్లమ్మా, రెండే మాటలు. ఉత్త చేత్తోని ఇనుము ముట్టకు. లోపల చెమట పట్టనియ్యకు. ఇగ నీకు డోకా లేదు."

ఢిల్లీలో సూట్‌కేసుకు కట్టిన చీటీ చూసి నాకు చెమట పట్టింది. టికెట్ మీద నూర్‌సుల్తాన్ అని ఉంది. చీటీ మీద టి, ఎస్, ఇ అని మూడక్షరాలు. ఆస్తానా కాదు, నూర్‌సుల్తాన్ కాదు. నా బట్టలు ఏ ఊరికి పోతున్నాయి తల్లీ అనుకున్నాను. కౌంటర్లో అమ్మాయిని అడిగితే "కరెక్టే మేడం" అంది, ఎందుకో చెప్పలేదు.

విమానాశ్రయం బయటి తలుపు తెరుచుకుంది. మొదటి ఊపిరి! ముక్కు లోపల వెంట్రుకలు చటుక్కున గడ్డకట్టాయి. కళ్లు ఆర్పితే రెప్పలు అతుక్కుని మళ్లీ విడివడ్డాయి. మైనస్ ముప్పై ఒకటి. నాకు భయం వేయాలి కదా? నవ్వొచ్చింది. మూడేళ్ల పిల్లలా నోటితో పొగ వదిలి చూసుకున్నాను. ఇన్నాళ్లూ నేను డబ్బాలో చెయ్యి మాత్రమే పెట్టాను. ఇప్పుడు మొత్తం మనిషినే డబ్బాలోకి దిగాను.

నా కోసం వచ్చినావిడ అరవై దాటిన మనిషి. గుండ్రటి మొహం, బొచ్చు టోపీ. నాకు మాటలు అనువదించడానికి కంపెనీ పెట్టిన దుబాసి. చిన్నప్పటి నుంచి హిందీ సినిమాలు చూసి, తర్వాత పట్టుదలగా హిందీ నేర్చుకుందట. మేమిద్దరం హిందీలోనే మాట్లాడుకున్నాం. నేను మీకు తెలుగులో చెబుతున్నాను.

"నన్ను అపా అని పిలవండి. మా భాషలో పెద్దావిడ అని" అంది.

"మా హైదరాబాదులో ఆపా అంటే అక్క!"

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇక కారులో మాకు అదే ఆట. నేను దోస్త్ అన్నాను, ఆవిడ దోస్ అంది. దుకాణం అంటే దుకెన్. చాయ్ అంటే షాయ్. నాన్ అంటే నాన్. బజార్ అంటే బజార్. ఇన్ని వేల మైళ్లు వచ్చి, మెహిదీపట్నంలో ఆటో ఎక్కినట్టుంది నాకు.

సూట్‌కేసు చీటీ చూపించాను. ఆవిడ పగలబడి నవ్వింది.

"నేను ఈ ఊళ్లో అయిదు ఊళ్లలో బతికాను. పుట్టినప్పుడు దీని పేరు ఆక్మోలిన్స్క్. నాకు ఊహ తెలిసేటప్పటికి త్సెలినోగ్రాద్ అన్నారు, బీడు భూముల పట్నం అని. ఈ చీటీలో ఉన్నది ఇంకా ఆ పేరే. దేశం విడిపోయాక ఆక్మోలా. దానికి తెల్ల సమాధి అని కొందరు అర్థం చెబుతారు, రాజధానికి బాగుండదనుకున్నారో ఏమో, ఆస్తానా చేశారు. ఇప్పుడు నూర్‌సుల్తాన్. ఇల్లు మాత్రం ఒక్కటే. వంటింటి కిటికీ కూడా అదే."

పొద్దున తొమ్మిది దాటాకే తెల్లవారింది. తెల్లవారాక చూడాలి ఆ ఊరిని! గడ్డకట్టిన నది మీద జనం స్కేటింగ్ చేస్తున్నారు. నదికి ఇటువైపు పాత ఊరు, ఒకే రకం నాలుగైదంతస్తుల ఇళ్లు. అటువైపు కొత్త ఊరు. తెల్లటి కొమ్మల మధ్య బంగారు గుడ్డును ఎత్తి పట్టుకున్న పెద్ద గోపురం. అది ఒక కథలోని పక్షి పెట్టిన గుడ్డట. ఓ చోట పిరమిడ్. ఇంకో చోట బంగారు రంగు గాజుతో జంట బురుజులు. బస్సు స్టాపులు కూడా అద్దాల గదులు, లోపల వెచ్చగా ఉంటుంది. ఒక పక్కకు వంగిన పెద్ద గుడారం ఉంది, దాని లోపల బజారు, పై అంతస్తులో ఇసుక పోసి చేసిన సముద్రపు ఒడ్డు. బయట మనిషి గడ్డకట్టే చలి, లోపల పిల్లలు నిక్కర్లతో ఇసుకలో ఆడుతున్నారు. ఆ గుడారం కప్పు గాజు కాదు, గాలి నింపిన పారదర్శకమైన దిండ్లు. నేను అక్కడే నిలబడి తల పైకెత్తి దిండుకూ దిండుకూ మధ్య అతుకులు చూస్తున్నాను. అపా నా మెడ నొప్పెడుతుందని భయపడి కిందికి లాక్కొచ్చింది. ఆ ఊరంతా నా కళ్లకు ఒక్కటే: గాలికీ గాజుకూ మధ్య జరుగుతున్న పెద్ద పేచీ. మధ్యలో కూర్చున్నది ఓ నల్లటి రబ్బరు పట్టీ.

భవనం ఇరవై రెండో అంతస్తుకు వెళ్లాం. దక్షిణం వైపు గదులన్నీ చూశాను. నా పద్ధతి చాలా తేలిక. ఇంటి నుంచి అగరుబత్తి కట్ట తీసుకెళ్లాను. వెలిగించి అద్దం అంచు వెంట నడిపించాలి. పొగ నిటారుగా లేస్తే సందు లేనట్టు. వంగితే ఉన్నట్టు. దక్షిణాన ఒక్క చోట కూడా పొగ వంగలేదు. నా పదకొండో రబ్బరు! ఒంటరిగా చప్పట్లు కొట్టుకోవాలనిపించింది.

ఉత్తరం వైపు తలుపు తీయగానే మొహం మీద కత్తిలా గాలి. అక్కడ సైటు చీఫ్ నిలబడి ఉన్నాడు, పొడవాటి మనిషి, దట్టమైన కనుబొమలు. ఆయన ఎదురుగా ఆరుగురు పనివాళ్లు వరసగా, టోపీలు చెవుల మీదికి లాక్కుని. వాళ్లలో మేస్త్రీ పొట్టి మనిషి, ఒక బంగారు పన్ను. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"ఏమంటున్నారు?" అని అపాను అడిగాను.

"ఈ వైపు వీళ్లే బిగించారట. చేతగాని పని అంటున్నాడు. ఈ రోజుతో పంపేస్తున్నాడు."

నేను అగరుబత్తి వెలిగించాను. మొదటి కిటికీ దగ్గరే పొగ తాడు లాగినట్టు లోపలికి వంగింది. రెండోది అంతే. మూడోది అంతే. మేస్త్రీ చేసిన బిగింపు చూశాను. మూలలు చక్కగా కలిశాయి. ఎక్కడా లాగలేదు, వంకర లేదు. దక్షిణం వైపు కంటే ఇంకా శుభ్రంగా ఉంది. గ్లౌజు వేలితో పట్టీని నొక్కాను.

కట్టెపుల్ల.

నాకా స్పర్శ తెలుసు. ఏప్రిల్లో నా చేతికి తగిలిన ముక్కే ఇది. కానీ ఇక్కడికెలా వచ్చింది? స్టోరుకు పరుగెత్తాను, ఆ కోటు బరువుతో పరుగెత్తడమంటే ఎలుగుబంటి పరుగే. ఉత్తరం వైపుకు వాడిన ఖాళీ పెట్టెలు ఆరు అక్కడ ఉన్నాయి. ఆరింటి మీదా నూర్‌సుల్తాన్. నా మెయిల్ ప్రకారం వాడాల్సినవే. నా వెనకే వచ్చిన అపా చేతిలోంచి తాళంచెవి తీసుకుని తెల్ల రంగు గీకాను. కింది నుంచి నల్లటి అక్షరం వచ్చింది. ఇంకొంచెం గీకాను. ఆస్తానా.

తలుపు దగ్గరి ఆరు పెట్టెలు. నేనే రాయించిన పేరు. నేనే నమ్మమన్న పేరు.

అపా ఆ అక్షరాల వైపు చూసి, "మా ఊరే మీ పెట్టె మీద ఉంది. గీకితే ఇంకెన్ని పేర్లు వస్తాయో" అంది. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

పైకి వెళ్లాం. ఆ ఆరుగురూ సామాన్లు సర్దుకుంటున్నారు. నోరు మూసుకుంటే నా మాట ఎవరూ ఎత్తరు. ఆ సంగతి నాకు తెలుసు. పట్టీ బిగింపు తప్పని రాసేసి, కొత్త పట్టీ వేయించి, గౌరవంగా విమానం ఎక్కొచ్చు. లిఫ్టులో ఇరవై రెండంతస్తులూ ఆ ఆలోచన నా పక్కనే నిలబడింది. దాచడమెందుకు?

"అపా, ఆయనతో చెప్పండి. తప్పు వీళ్లది కాదు. పట్టీ చెడ్డది. చెడ్డ పట్టీని మంచిదని రాసింది నేను. పెట్టె మీద పేరు మార్పించింది కూడా నేనే."

అపా నా మొహంలోకి చూసింది. "ఇలాగే చెప్పమంటారా?"

"ఇలాగే."

ఆవిడ చెప్పింది. చీఫ్ కనుబొమలు ముడివేసి ఏదో అడిగాడు.

"అయితే ఇప్పుడేం చేస్తారని అడుగుతున్నాడు."

"లోపలి పట్టీని లోపలి నుంచే మార్చొచ్చు, అద్దం విప్పక్కర్లేదు. కొత్త రబ్బరు స్టోరులో మిగిలి ఉంది. ఈ ఆరుగురినీ నాకు అయిదు రోజులు ఇవ్వమనండి. నేను టికెట్ మార్చుకుంటాను."

ఆయన అటూ ఇటూ రెండు అడుగులు వేశాడు. తర్వాత మేస్త్రీ వైపు చెయ్యి ఊపి ఒక్క మాట అన్నాడు. మేస్త్రీ సంచీ కింద పెట్టి, బంగారు పన్ను కనబడేలా నా వైపు నవ్వాడు.

ఓనర్ గారికి ఫోన్ చేశాను. "సార్, పేరు నమ్మిన. నంబర్ చూడుమని రాయకపోతి."

అవతల నిట్టూర్పు. "ఇగ ఏం జేస్తవమ్మా?"

"ఐదొద్దులు ఉంట సార్. మంచిగ జేసే వస్త."

"సరే. తిండి దొరుకుతాందా?"

"నాన్ దొరుకుతాంది సార్. చాయ్ గూడ."

ఆ అయిదు రోజుల్లో మాకు పది మాటలు కూడా ఉమ్మడిగా లేవు, అయినా పని ఆగలేదు. నేను నేర్పినవి కొన్ని: చుట్టను హీటర్ దగ్గర మెత్తబడేదాకా ఉంచాలి, కొలతకు కాస్త పొడుగే కోయాలి, మూలల నుంచి మధ్యకు నొక్కుకుంటూ రావాలి, సాగదీయకూడదు. సాగదీస్తే ఆ రోజుకు బాగుంటుంది, తర్వాత కుదించుకుంటుంది. మేస్త్రీ నాకు నేర్పినవి ఇంకా ఎక్కువ. సబ్బు నీళ్లు అక్కడ గడ్డకడతాయి కాబట్టి పట్టీ జారడానికి ఏం రాయాలో, గ్లౌజుతోనే వేలి కొనను ఎలా వాడాలో చూపించాడు. చుట్ట విప్పిన ప్రతిసారీ నేను ముందు బిళ్ల మీద నంబరు చదివేదాన్ని, బిగ్గరగా, తెలుగులో. రెండో రోజుకల్లా వాళ్లు కూడా నా వెనక "ఏడు, నాలుగు, నాలుగు" అని వాళ్ల యాసలో పాటలా అనడం మొదలుపెట్టారు. పిల్లలూ, మీ మేడం ఒక దేశపు రాజధానిలో తెలుగు అంకెలు నేర్పి వచ్చింది!

అయిదో రోజు మధ్యాహ్నం మైదానం మీది గాలి ఊరి మీదికి వచ్చింది. అపా దాన్ని బురాన్ అంది. ఊరి చుట్టూ గాలిని ఆపడానికి లక్షల చెట్లు నాటారట, అయినా అది ఆగలేదు. కిటికీ బయట మంచు కిందికి పడటం లేదు, అడ్డంగా పరుగెడుతోంది. బంగారు గుడ్డు కనబడలేదు. ఎదుటి భవనమే కనబడలేదు.

ఆఖరి కిటికీకి ఆఖరి అంగుళం మేస్త్రీ బొటనవేలితో నొక్కాడు. నేను అగరుబత్తి వెలిగించి అంచు దగ్గర పెట్టాను. పొగ నిటారుగా లేచింది. ఈ మూల నుంచి ఆ మూలకు నడిపించాను. పక్క కిటికీకి వెళ్లాను. దాని పక్కదానికి. గది మొత్తం చుట్టి వచ్చాను. ఎక్కడా పొగ తల తిప్పలేదు. అద్దానికి అవతల తుపాను నోరు తెరిచి అరుస్తున్నట్టు కనబడుతోంది, మాకేమో మా బూట్ల చప్పుడు వినబడుతోంది.

ముందుగా మేస్త్రీ టోపీ తీశాడు. అయిదు రోజులుగా ఆ మనిషి నెత్తి నేను చూడలేదు. తర్వాత ఒకడు, తర్వాత ఇంకొకడు. ఆరు టోపీలు నేల మీదికి వచ్చాయి. కోట్ల జిప్పులు జారాయి. అపా ఫ్లాస్కు మూత తిప్పి చాయ్ పోసింది, ఎవరో నాన్ ముక్కలు చేశారు. నేల మీద వలయంగా కూర్చున్నాం.

సైటు చీఫ్ తలుపు తోసుకుని వచ్చాడు. అలవాటుగా భుజాలు దగ్గరికి ముడుచుకుని, గాలికి ఎదురుగా మొహం తిప్పుకుని వచ్చాడు. గది మధ్యకు వచ్చి ఆగిపోయాడు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి. మా వైపు చూడలేదు. ఉత్తరం కిటికీ దగ్గరికి నడిచి, ఒక గ్లౌజు లాగేసి, ఉత్త అరచేతిని పట్టీ పొడవునా కింది నుంచి పైదాకా జరిపాడు.

"త్యెప్లో" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఏమిటని నేను అపాను అడగలేదు. గదిలోని వెచ్చదనమే చెప్పింది.